మీ వైఫై మీద పెట్టిన అర్జీ

రేచల్ అక్కా,

ఊరొదిలి వెళ్ళి క్రోసూరులో మీ అమ్మగారింట్లో ఎట్టా ఉన్నావని అడిగే ముఖం నాకు లేదు. రేషన్ డీలరు తూకంలో మోసం చేస్తున్నాడని పేరు లేకుండా ఆన్‌లైన్లో అర్జీ పెట్టింది నేనే.

చదువుకోరా అని నువ్విచ్చిన వైఫై మీదే పెట్టా. ఏ ఇంటి నెట్టో తెలియకుండా ఫోన్లో వీపీఎన్ వేసుకున్నా. అది తెగితే నెట్టు కూడా ఆగిపోయే సెట్టింగ్ ఒకటుంది. మాటిమాటికీ నెట్టు ఆగుతుంటే చిరాకేసి దాన్ని నేనే తీసేశా. ఆ రోజు కరెంటు పోయి వచ్చింది. నెట్టు వచ్చింది, వీపీఎన్ రాలేదు. చూసుకోకుండా పంపేశా.

ఆ అర్జీ ప్రింటు డీలరు చేతికి ఎట్టా వచ్చిందో తెలియదు. అందులో ఉన్న నెట్టు అడ్రసు చూసి నెట్టు ఇచ్చే కేబులువాళ్ళు మీ ఇల్లు చెప్పారు. వాడు మీ వాకిట్లో నిలబడి "ఏందే, నా మీద అర్జీలు పెడతావా?" అని అరుస్తుంటే, తల్లులు నీ ట్యూషన్ పిల్లల్ని లాక్కెళ్తుంటే, నేను మన రెండిళ్ళ మధ్య గోడకి ఇవతల నిలబడి విన్నా. "నీ నెట్టు ఇంకెవరు వాడతారు?" అని వాడు అడిగితే నువ్వు "నేనొక్కదాన్నే" అన్నావు. అప్పుడైనా నేను బయటికి రాలేదు. చానా సిగ్గుగా ఉందక్కా.

ఇంత రాసి కింద పేరు పెట్టబోతే చెయ్యి రావట్లా. పలక మీద నాకు అక్షరాలు దిద్దించింది నువ్వే. ఈ రాత ఎవరిదో నీకు తెలుస్తుంది.