భుజాల మీద బరువుతో గుంజీళ్ళు

జేచన్,
అక్టోబరు 17, గురువారం.

గితే తల్లి బొంగ్‌సున్‌కు,

కొండగాలి చల్లబడింది. పెరట్లో కిమ్చీ పచ్చడికి వేసిన క్యాబేజీలు ఆకు ముడుచుకుంటున్నాయి. ఈ చలికి నీ తుంటి నొప్పి ఎలా ఉందో, ఆ ఆసుపత్రి ఇనుప మంచం మీద నీకు కునుకైనా పడుతోందో లేదో ముందుగా తెలుసుకోగోరుతున్నాను. నేను క్షేమం. తొడలు నొప్పిగా ఉన్నాయి గాని, అది కూడా క్షేమంలోనే లెక్క. ఎలాగో కింద వివరిస్తాను.

ఎల్లుండి శనివారం నిన్ను ఇంటికి తీసుకురావడానికి ఇక ఎవరికీ అభ్యంతరం లేదు, నీకు తప్ప.

శస్త్రచికిత్స తరువాత నువ్వు కర్ర ఊతంతో నడవగలుగుతున్నావు గాని, నేల మీద నుంచి లేవలేకపోతున్నావు. మన ఇంట్లో భోజనమూ నిద్రా రెండూ వెచ్చటి నేల మీదనే. పట్టుకుని లేపగల మనిషి లేని ఇంటికి నిన్ను పంపడం క్షేమం కాదని మీ ఫిజియోథెరపిస్టు చెప్పింది. మన గితే వెంటనే వృద్ధుల సంరక్షణాలయంలో నీ పేరు రాయించాడు. వాడిని నేను తప్పు పట్టను. డెబ్భై దాటిన తండ్రి నడుమును ఏ కొడుకు నమ్ముతాడు? నువ్వు కూడా నీకు అక్కడే బాగుంటుందని, పేకాటకు తోడు దొరుకుతుందని అన్నావు. ఆ రోజే నేను తక్ హేజిన్ నడిపే వ్యాయామశాలకు వెళ్ళాను.

హేజిన్ నీకు గుర్తుండే ఉంటుంది. నేను పాఠం చెప్పిన తరగతిలో చివరి బల్ల మీద కూర్చుని, తరువాత మన ప్రాంతం తరఫున పోటీల్లో బరువులెత్తిన పిల్ల. ఇప్పుడు ఆమె జుట్టూ నెరుస్తోంది. నేను వచ్చిన పని చెప్పగానే భుజాల మీద కడ్డీ పెట్టుకుని కూర్చుని లేచే వ్యాయామం నేర్పుతానంది. దాన్ని స్క్వాట్ అంటారట. మన బడిలో అల్లరి పిల్లల చేత తీయించిన గుంజీళ్ళకూ దీనికీ తేడా, చెవులకు బదులు కడ్డీ పట్టుకోవడమే అనుకున్నాను.

వేసవి అంతా అభ్యాసం చేశాను. కడ్డీకి బరువులు పెరుగుతూ వచ్చాయి. ప్రతిసారీ హేజిన్ చేతులు కట్టుకుని, తల వంచి, చాలా బాగుంది మాస్టారూ అనేది. నేను కూడా బాగానే ఉందనుకున్నాను. అక్కడికి రోజూ వచ్చే గుక్ అనే టాక్సీ డ్రైవరు మాత్రం, మాస్టారికి కనిపించని కుర్చీ ఏదో ఉన్నట్టుంది, దాని మీదే ఆగిపోతున్నారు అని ఒకసారి నవ్వాడు. అసూయ అనుకున్నాను.

ఆగస్టు చివరలో వంటగదిలో బియ్యం బస్తాను కౌగిలించుకుని లేవబోయాను. లేవలేదు. బస్తా కాదు, నేనే లేవలేదు. దానికంటే ఎక్కువ బరువును భుజాల మీద మోస్తున్నవాణ్ణి, దాని పక్కనే నేల మీద కూలబడి ఉండిపోయాను. ఆ బస్తా నీకంటే తేలిక. నువ్విక రావని ఆ క్షణంలో అనిపించింది. ఇంతకంటే ఆ మధ్యాహ్నం గురించి రాయలేను.

హేజిన్‌ను నిలదీశాను. ఆఖరికి ఆమె అసలు సంగతి బయటపెట్టింది.

“మొదటి రోజు నుంచీ మీరు సగం దాకానే కూర్చుంటున్నారు మాస్టారూ. నేల దగ్గర పనికొచ్చే బలం ఆ కింది సగంలోనే ఉంటుంది.”

ఎందుకు చెప్పలేదని అడిగాను.

“మీ తప్పు నేను చూపడమా? మా నాన్న బతికుంటే ఇంట్లోకి రానిచ్చేవాడా?”

కోపం తెచ్చుకుని ప్రయోజనం లేదు. గురువుకు తప్పు చూపకూడదన్న పాఠం ఆమెకు మనవాళ్ళందరమూ కలిసి నేర్పిందే. కనుక దానికి విరుగుడూ మన పద్ధతిలోనే చేశాను. ఆమెను బరువులెత్తే వేదిక మీద కూర్చోబెట్టి, ఇకమీదట మీరే నా గురువులు అని, శిష్యుడు చేయవలసిన రీతిలో మోకరిల్లి నుదురు నేలకు ఆనించాను. ఆమె బెదిరిపోయి తానూ మోకరిల్లింది. ఆమె తల ఎత్తితే గాని నేను ఎత్తకూడదు. నేను ఎత్తితే గాని ఆమె ఎత్తదు. రబ్బరు చాప మీద రెండు తలలూ అలాగే ఉండిపోయాయి.

గుక్ గొంతు వినిపించింది: “వధూవరుల్లా ఒకరికొకరు మొక్కుతున్నారు, పెళ్ళా? అయితే పెళ్ళి బల్ల మీదికి కోడిపుంజును నేను పట్టుకొస్తాను. ముందెవరైనా లేవండి, నా వంతు వచ్చింది.”

హేజిన్‌కు నవ్వు ఆగలేదు. ఆ నవ్వుతోనే ఆమె గురువైంది. ముందు లేచి, నన్ను లేవమంది, పక్కనున్న స్తంభాన్ని పట్టుకోవద్దని కూడా అంది.

ఆ రోజే నా కడ్డీకి ఉన్న బరువులన్నీ తీసేసింది. ఖాళీ చేతులతో, తుంటి మోకాలికంటే కిందికి దిగేదాకా కూర్చోబెట్టింది. అడుగున ఆగమంది. కడుపులోకి ఊపిరి పీల్చి బిగబట్టమంది. మోకాళ్ళను పాదాల వేళ్ళ దిక్కుకే తెరవమంది. నాకున్న పెద్ద దోషం ఏమిటంటే, లేచేటప్పుడు తుంటి ముందు లేచి ఛాతీ వెనకబడటం. “అది ఇనుము మాస్టారూ, దానికి దండం పెట్టకండి!” అని అరిచేది. జీవితమంతా పెద్దలకు వంగిన నడుము, ఏ బరువు కనిపించినా వంగుతుందట. ఛాతీ, తుంటి కలిసి లేవడం నేర్చుకోవడానికి చాలా రోజులు పట్టింది. వేదిక మీద ఆమె వాక్యాలకు క్రియలు ఉండవు, గౌరవవాచకాలు అసలే ఉండవు. మడమ! ఛాతీ! ఇంకా కిందికి! పరీక్షలో అయితే మార్కులు తెగ్గోసేవాణ్ణి. వేదిక దిగగానే మాత్రం వంగి క్షమాపణ అడిగేది.

ఖాళీ చేతుల తరువాత ఇసుక మూట, దాని తరువాత మళ్ళీ కడ్డీ వచ్చాయి. ఈసారి బరువులు మెల్లగా పెరిగాయి, కాని ప్రతి బరువుతోనూ అడుగుదాకా వెళ్ళి వచ్చాను. ఆఖరున గుక్ చాప మీద పడుకుని, అయ్యో నా తుంటి అని మూలుగుతూ నీ పాత్ర పోషించాడు. అతను నీకంటే చాలా బరువు, పైగా చక్కిలిగింతలు ఎక్కువ. అతన్ని కూడా లేపాను.

నిన్న నువ్వు స్నానానికి వెళ్ళిన వేళ మీ ఫిజియోథెరపిస్టు గది తలుపు వేసి, చాప పరచి, ఒళ్ళు పూర్తిగా వదిలేసి పడుకుంది. గితే గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను ఊపిరి బిగబట్టి, ఆమెను ఛాతీకి హత్తుకుని, లేచాను. ఆమెను దించి, చెప్పకుండానే మరోసారి లేపాను. గితే వరండాలోకి వెళ్ళి సంరక్షణాలయానికి ఫోను చేసి, అమ్మ రావడం లేదని చెప్పాడు. తిరిగివచ్చి, మీకు బయట చలిగా ఉంటుంది నాన్నా అని నా కోటు బొత్తాలు తానే పెట్టాడు. ఇన్ని నెలల తరువాత నిన్న తృప్తిగా అన్నం తిన్నాను.

ఈ ఉత్తరం గితే చేతికిచ్చి పంపుతున్నాను. శనివారం ఉదయం గుక్ తన టాక్సీలో నన్ను తీసుకువస్తాడు.

ఇట్లు,
నీ
ప్యో గిసక్

తా.క. నీకు తెలియనిది ఒకటి ఉంది. వసంతంలో, నీకు అక్కడే బాగుంటుందని నువ్వన్న రోజున, నీ కోసం కొన్న నువ్వుల మిఠాయి ఇవ్వడం మరచి మెట్ల దగ్గర నుంచి వెనక్కి వచ్చాను. తెర వెనక నువ్వు పక్క మంచం ఆవిడతో మాట్లాడుతున్నావు. “మా ఆయనకు నడుం లేదమ్మా, పరువొక్కటే ఉంది. నన్ను లేపబోయి ఆయనే పడితే మా ఇద్దర్నీ లేపేదెవరు? సంరక్షణాలయంలోనే బాగుంటుందంటే కోపం తెచ్చుకుంటారు, కానీ బతికుంటారు.” నేను తెర తీయలేదు. మిఠాయి బస్టాపులో నేనే తినేసి, అటునుంచి అటే హేజిన్ దగ్గరికి వెళ్ళాను. శనివారం వచ్చి, ఇంటికి వస్తావా అని మళ్ళీ అడుగుతాను. ఈసారి నా నడుము సంగతి పక్కన పెట్టి జవాబు చెప్పు.