ఫ్లెక్సీలో కోసేసిన కుర్చీ

అల్ హైల్, మస్కట్.

బావా,

నా ఫొటో కోసి అమ్ముకుంటున్నవ్. "ఇక్కడ అందరం క్షేమం" అని రాయనీకి చెయ్యి వస్తలేదు. వాయిస్ పెడితే సగం విని నవ్వి పక్కకు పెడతవ్. అందుకే కాగితం మీద రాసి, సెలవు మీద వస్తున్న మన పక్కూరి నిసార్ అహ్మద్ చేతికిస్తున్న. రజితక్కతోటి గట్టిగ చదివించుకో.

నిన్న శాంతవ్వ ఫోన్ చేసింది. "బిడ్డా, మావోడు నీ దగ్గరికే యూరప్ వస్తుండట గద, చలికి ఏం బట్టలు పెట్టాలె?" అని అడిగింది. నేనున్నది ఒమాన్‌ల అంటే నమ్మలే. బస్టాండు కాడ ఫ్లెక్సీ మీద రోజూ చూస్తనే ఉన్న, నాకెందుకు అబద్ధం చెప్తవ్ అన్నది. అక్కను అడిగితే ఏడ్చుకుంట దాని ఫొటో తీసి పంపింది.

నల్ల కోటు వేసుకొని నేను. వెనుక పెద్ద చర్చి. పైన నీ ఫోన్ నంబరు. కింద "మా బామ్మర్ది పోయిండు, ఇగ మీ వంతు" అని రాత. ఒక్కటి చెప్పు బావా, నా చేతిల ఆ ఎర్ర సూట్‌కేసు ఎక్కడిది?

అక్కకు నేను పంపిన ఫొటోల ఆ చెయ్యి చక్రాల కుర్చీని పట్టుకొని ఉంది. కుర్చీల సుఫియాన్ బాబా ఉన్నడు. ఆయనను లేపి, కడిగి, తినిపించే పనోన్ని నేను. కుర్చీని, మనిషిని కోసేసినంక నా చెయ్యి గాలిల మిగిలింది, సూట్‌కేసు అతికించినవ్. ఆ కోటు కూడా ఆయనదే. నేను వణుకుతుంటే విప్పి ఇచ్చి తను దుప్పటి కప్పుకున్నడు. ఆ కోటు నాకు తే అని పోయినసారి అడిగినవ్ గద. నువ్వు కోసిపారేసిన మనిషిని అడుగు.

ఎన్ని దినాలు తిరిగినవ్ అని కూడా అడిగినవ్. ఒక్క పగలు. బాబా మోకాలి ఆపరేషన్‌కని ఆయన బిడ్డ నాదియా మమ్మల్ని యూరప్ తీసుకపోయింది. తిరుగుదారిల పొద్దున వియన్నాల ఒక రైలు దిగినం, విమానం ఎక్కే ఊరికి పోనీకి రాత్రికి ఇంకోటి ఎక్కాలె. స్టేషన్‌లనే కూర్చుందామని నాదియా అంటే బాబా ఒప్పుకోలే. ఇంత దూరం వచ్చింది బెంచీలు చూడనీకా అన్నడు. రాళ్లు పరిచిన గల్లీలల్ల కుర్చీ గడగడలాడితే ఎగిరెగిరిపడి నన్ను తిట్టిండు, మళ్ల ఆయనే పోనీ పోనీ అన్నడు. ట్రామ్ డ్రైవరు తనే దిగొచ్చి కుర్చీ ఎక్కనీకి పలక వేసిండు. నా కోసం బండి ఆపి దిగినోన్ని నేను అదివరకు చూడలే. బగ్గీలకు కట్టిన గుర్రాలను చూసి, వీటికి మేత ఎక్కువ పని తక్కువ, నీ లెక్కనే అని బాబా నవ్విండు. షుగరున్నా దొంగతనంగ ఐస్‌క్రీం తిని, నాదియాకు చెప్తే నీ వీసా క్యాన్సిల్ అని బెదిరించిండు. ఆ పగలు నాది. దాన్ని అమ్మే హక్కు నీకెవరిచ్చిన్రు?

ఎవరికీ చెప్పనిది ఒకటుంది. సాయంత్రం స్టేషన్ బయట నేను ఫోన్ల తెలుగు మాట్లాడుతుంటే దస్తగిర్ అని కడప దిక్కు మనిషి దగ్గరికొచ్చిండు. నీ అసుంటి ఏజెంటే టూరిస్టు వీసా మీద తోలిండట. వీసా అయిపోయింది. ఏదో హోటల్ వెనుక గిన్నెలు కడుగుతడు, జీతం ఎగ్గొట్టినా ఎవరికీ చెప్పుకోలేడు. పోలీసు కనబడితే గోడ దిక్కు తిరుగుతడు. "మా ఊర్లో నా ఫొటో కూడా పెట్టినారంట. దాన్ని చూసి ఇంకొకడు బయల్దేరినాడు" అన్నడు. అంత చెప్పి, నువ్వూ ఉండిపో, తోడుంటవు అన్నడు.

ఉండిపోదామనుకున్న బావా. నాదియా చాయ్ కోసం పోయింది. బాబా కునుకు తీస్తుండు. పాస్‌పోర్టులన్నీ నా మెడల సంచిలనే ఉన్నయ్. కుర్చీకి బ్రేకు వేసి గేటు దాక నడిచిన. వెనుక నుంచి బాబా కండ్లు తెరవకుంటనే, "బ్రేకు సరిగ పడలే, చూడు" అన్నడు. తిరిగొచ్చి చూస్తే బ్రేకు మంచిగనే ఉంది. మళ్ల పోలే.

ఆశపడ్డందుకు నాకు సిగ్గేం లేదు. ఆ ఆశ మనిషిని ఎంత దూరం నడిపిస్తదో తెలిసినోన్ని, అందుకే నువ్వేం అమ్ముతున్నవో నాకు తెలుసు. శాంతవ్వ బర్రెను అమ్మి నీ చేతుల పోసింది నా మొఖం చూసి. ఇంటల్లుడివని, అక్క కోసమని ఇన్నేండ్లు ఊకున్న. ఇగ ఊకోను.

శుక్రవారం అంగడి లేవకముందే ఫ్లెక్సీ దిగాలె. శాంతవ్వ కొడుకు పాస్‌పోర్టు, ఆమె పైసలు నువ్వే వాళ్లింటికి నడిచిపోయి ఇయ్యాలె. పాస్‌పోర్టు చేతిల పట్టుకొని ఆమె నాకు వీడియో కాల్ చెయ్యాలె. నీ జవాబు నాకొద్దు, ఆమెది కావాలె.

నిసార్ దగ్గర ఒక పొడుగు చుట్ట ఉంది. నేను ఇక్కడ కొట్టించిన ఫ్లెక్సీ, నీ దాని కొలతే. అదే ఫొటో, కోయనిది. కుర్చీ ఉంది, బాబా ఉన్నడు, ఆయన దుప్పటి ఉంది. పైన నీ నంబరు కూడా వేయించిన. శుక్రవారం పొద్దూకే దాక శాంతవ్వ ఫోన్ రాకపోతే, శనివారం తెల్లారేసరికి అది నీ దాని పక్కన ఉంటది.

ఇట్లు,
కుర్చీ తోసే నీ బామ్మర్ది,
రఘుపతి