పది రెట్ల వేగం

అయ్యా,

మా వీధిలో మీరు వేయిస్తున్న కొత్త ఇంటర్నెట్ కేబుల్ పాతదానికంటే పది రెట్లు వేగమట, సంతోషం. దానికోసం తవ్వుతూ నిరుడు వేసిన ఫైబర్‌ను మీవాళ్లే తెంపేశారు. పదకొండు రోజులైంది.

మా ఆవిడకూ, ఆమె చెల్లెలికీ పుట్టుకతోనే వినపడదు. వీడియోలో సైగలతో మాట్లాడుకుంటారు. రాగి తీగ ఉన్నన్నాళ్లూ బొమ్మ ఆగిపోయి సగం మాటే అందేది. ఫైబర్ వచ్చాకే వేళ్లు స్పష్టంగా కనిపించాయి. ఇప్పుడు మా మరదలికి నెలలు నిండాయి. ఇక్కడ సిగ్నల్ అంతంతమాత్రం కాబట్టి మెసేజులే వస్తున్నాయి. భయపడుతోందో లేదో ముఖం చూస్తేగాని తెలియదు.

పది రెట్లు తర్వాత ఇద్దురుగాని, ముందు తెగినది అతికించండి.

మీ ఆఫీసులో అడిగితే, "అంతవరకు ఫోన్లో మాట్లాడుకోమనండి" అన్నారు. ఆ సలహా మా ఆవిడకు సైగలతో చెప్పాను. ఇన్నాళ్లకు నవ్వింది. అందుకు మాత్రం కృతజ్ఞతలు.

ఇట్లు,
గొయ్యి పక్క ఇంటివాడు