బడి వెనక మందు

తార్నాక,
18 జూన్ 1998

ప్రియమైన మీకు,

గుంతకల్ చేరినట్టు మీరు వేసిన కార్డు అందింది. అక్కడి నీళ్లు పడుతున్నాయా? రైల్వే సిగ్నల్ పని అంటే వేళాపాళా ఉండదు, తిండి మాత్రం మానకండి.

ఇక్కడ నాకు మనసు ఒక్కచోట నిలవడం లేదు. అత్తమ్మకు క్యాన్సర్ ఆసుపత్రిలో రెండో విడత సూదులు ఎక్కించారు. గడ్డ తగ్గుతున్నదని డాక్టర్ అంటున్నాడు గాని, మనిషి మాత్రం సగమైపోయింది. గంజి నోటి దగ్గరికి తెచ్చేసరికే కడుపులో దేవుతున్నదంటుంది. నిన్న గిన్నె పక్కకు నెట్టేసి, "ఇంక నన్ను సతాయించకు బిడ్డా, లోపలికి పోతలేదు" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

ఇది చాలదన్నట్టు బడిలో ఇంకో గొడవ. ఎండాకాలం సెలవులయ్యి బడి తెరిచేసరికి మా వెనక గేటు సందులో ఒక దుకాణం వెలిసింది. కడప వైపు నుంచి వచ్చిన ఈశ్వరయ్య అనే వైద్యుడిది. బోర్డు మీద 'ఆయుర్వేద మందులు' అని ఉంది. అమ్మేది మాత్రం గంజాయి ఆకు వేసి వండిన లేహ్యం. లైసెన్సుకు ఫ్రేము కట్టించి గోడకు తగిలించాడు. మొదట్లో ముసలివాళ్లు, రోగిష్ఠివాళ్లు వచ్చేవారు. ఇప్పుడు యూనివర్సిటీ హాస్టళ్ల నుంచి కుర్రాళ్లు సైకిళ్ల మీద దిగుతున్నారు. నేను లెక్కలు చెప్పే గది కిటికీ సరిగ్గా అటే ఉంది. ఎవరికి నొప్పో, ఎవరికి సరదానో ఆ మాత్రం తెలియదా నాకు?

మా హెడ్‌మిస్ట్రెస్ విశాలాక్షి మేడమ్ అర్జీ పని నాకు అప్పగించారు. వైన్ షాపులు బడికి ఇంత దూరంలో ఉండాలని రూలుంది కదా అని నేను ఆ వైద్యుణ్ణి నిలదీశాను. ఆయన నింపాదిగా, "వాళ్లు అమ్మేదాన్నీ మందే అంటారు, నేను అమ్మేదాన్నీ మందే అంటారు. రెండూ ఒకటేనా తల్లీ?" అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

ఎక్సైజ్ ఆఫీసులో మీతో చదువుకున్నాయన ఒకరున్నారు కదా. అసలు రూలేమిటో కనుక్కుని రాయండి. అత్తమ్మ కోసం ప్రార్థన చేయండి.

మీ అమల

*

గుంతకల్,
29 జూన్

ప్రియమైన అమలా,

ఉత్తరం చదివిన దగ్గర్నుంచి అమ్మే కళ్లలో మెదులుతున్నది. తోటివాళ్లను బతిమాలి రెండు రోజులు సెలవు సంపాదించాను. వచ్చే వారం వస్తాను.

రూలు సంగతి అడిగాను. మత్తు సరుకైతే దూరం లెక్క వర్తిస్తుందట, మందైతే వర్తించదట. రెండూ కలిసిన సరుకైతే చూసే అధికారిని బట్టి ఉంటుందట. కొలత కూడా అంతే. ముందు గేటు నుంచి రోడ్డు వెంట కొలిస్తే ఒక మాట, వెనక గేటు నుంచి కొలిస్తే ఇంకో మాట. కాబట్టి తొందరపడకు. బడిలో ఇంతమంది టీచర్లుండగా అర్జీ నీ నెత్తినే ఎందుకు పెట్టుకున్నావు?

ఇంకొక్క మాట. ఆ దుకాణానికి ముసలివాళ్లు వస్తున్నారని రాశావు. వాళ్లు ఏ జబ్బుకు వస్తున్నారో ఎప్పుడైనా అడిగావా?

నీ ప్రేమ్

*

తార్నాక,
20 జూలై

ప్రియమైన మీకు,

మీరు వచ్చిపోయిన వేళ మంచిది. మీరు రైలెక్కిన మర్నాటి నుంచే అత్తమ్మ లేచి కూర్చున్నది. రోజూ కొంచెం కొంచెం తింటున్నది. మొన్న నేను బడి నుంచి వచ్చేసరికి గడపలో కూర్చుని, "పుంటికూర పప్పు చేస్తవా, నోరు చప్పగున్నది" అని అడిగింది! వంటింట్లోకి పోయి ఏడ్చేశాను. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పు అత్తమ్మా అంటే మాత్రం వినలేదు. "దేవునికి తెల్వదా? గాడ లేసి చెప్పుడెందుకు" అని ముఖం తిప్పుకున్నది.

ఇక బడి సంగతి. ఇప్పుడు కూడా తొందరపడొద్దు అంటారేమో చూస్తాను. పదో తరగతిలో కాత్యాయని అని చురుకైన పిల్ల ఉంది. వాళ్లన్న యూనివర్సిటీ హాస్టల్లో ఉంటాడు. ఇంటికొచ్చినప్పుడు అతని సంచిలో ఉన్న లేహ్యం డబ్బా చూసి, ఏదో మిఠాయి అనుకుని బడికి తెచ్చుకుంది. మధ్యాహ్నం అన్నంతో పాటు తినేసింది. నా క్లాసులోనే మొదలైంది. ముందు ఊరికే నవ్వింది. తరవాత లేచి నిలబడి, "టీచర్, నా చేతులేవి? నా చేతులు కనిపిస్తలేవు" అని అరిచింది. రెండు చేతులూ నా చేతుల్లో పట్టుకుని, ఇవిగో తల్లీ అంటుంటే కూడా నమ్మలేదు. అలాగే నా మీద ఒరిగిపోయింది. ఆసుపత్రిలో తెలివి వచ్చి అమ్మా అని పిలిచేదాకా నా ప్రాణం నాలో లేదు. ఇప్పుడు బాగానే ఉంది. అయినా చెయ్యెత్తి జవాబు చెప్పాలంటే జంకుతున్నది.

ఆ మరుసటి రోజే ఎక్సైజ్ అధికారి టేపు పట్టుకుని వచ్చాడు. ముందు గేటు నుంచి కొలిస్తే దుకాణం రూలు దూరానికి అవతల పడింది. వైద్యుడు ఊపిరి పీల్చుకున్నాడు. నేను వెనక గేటు తాళం తీయించి, బడి వదిలే వేళ పిల్లలందరినీ ఆ దారిన పంపించాను. "సార్, ఇది గేటు కాదా? వీళ్లు పిల్లలు కాదా?" అన్నాను. అధికారి కాసేపు పిల్లల్ని చూసి టేపు మళ్లీ విప్పాడు. శుక్రవారం దుకాణానికి సీలు వేస్తారట. సందులో తల్లులంతా చప్పట్లు కొట్టారు.

ఎందుకో తెలియదు, గెలిచినట్టే ఉంది గాని కుదురుగా లేదు. మీరు ఉంటే బాగుండేది.

మీ అమల

*

గుంతకల్,
24 జూలై

అమలా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. సీలు పడకుండా ఎలాగైనా ఆపు. నాలుగు వారాలు గడువు అడుగు. ఎందుకని నన్ను అడగొద్దు, నేనొచ్చి చెబుతాను. ఎస్‌టీడీ బూత్‌లో నిలబడి చెప్పే మాట కాదు. సెలవు దొరకదంటున్నారు, అయినా అడుగుతూనే ఉన్నాను.

అమ్మను మాత్రం ఏమీ అడగకు.

ప్రేమ్

*

తార్నాక,
3 ఆగస్టు

మీకు,

ప్రియమైన అని రాయడానికి ఈసారి చెయ్యి రాలేదు.

మీ ఉత్తరం వచ్చేసరికే దుకాణానికి సీలు పడిపోయింది. ఎందుకు ఆపమన్నారో అర్థంకాక, అటు మిమ్మల్ని తిట్టుకుంటూ ఇటు బడికి తిరుగుతూ ఉన్నాను. ఈలోగా అత్తమ్మకు మూడో విడత సూదులు ఎక్కించారు. మళ్లీ మొదటికొచ్చింది. పుంటికూర లేదు, గంజి లేదు, చెంచాడు నీళ్లు కూడా నిలవడం లేదు. నిన్న తల నిమురుతుంటే నెమ్మదిగా అడిగింది.

"గా దుకాణం మల్ల ఎప్పుడు తెరుస్తరట?"

"ఏ దుకాణం అత్తమ్మా?"

"మీ బడెన్క ఉండె సూడు. ఎవరో పంతులమ్మ మూయించిందంట."

ఆమే చెప్పింది. నేను బడికి పోయాక కొంగు నెత్తి నిండా కప్పుకుని, గోడ పట్టుకుని నడుచుకుంటూ పోయేదట. "నీ కిటికీ దిక్కు సూడకుండ పొయ్యేదాన్ని. సూస్తే దొరికిపోత గదా" అని నవ్వబోయింది. అది తిన్న అరగంటకు కడుపు నెమ్మదించి ఆకలయ్యేదట. మొదటిసారి తీసుకుపోయింది మీరేనట.

"ఆ పంతులమ్మను నేనే అత్తమ్మా" అన్నాను.

ఆమె నన్ను చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "మంచిగనే చేసినవ్ బిడ్డా" అన్నది. "పసిపిల్ల పానం పోతుండె. నాదేముంది, అయిపొయ్యేదాన్ని."

మీరిద్దరూ కలిసి నన్ను ఎంత దూరంలో నిలబెట్టారు! ఒక్క మాట చెప్పి ఉంటే ఆమెను నేనే చెయ్యిపట్టుకుని తీసుకుపోయేదాన్ని కాదా? కాదేమో. ఏమో, నాకే తెలియడం లేదు. అందుకే ఇంత కోపం.

అమల

*

గుంతకల్,
9 ఆగస్టు

ప్రియమైన అమలా,

నీ కోపం న్యాయమైనదే. సెలవు మీద వచ్చినప్పుడు సూదులు ఎక్కించే డాక్టరే నన్ను పక్కకు పిలిచి, కొందరికి ఆ లేహ్యంతో తిండి సహిస్తున్నదని చెప్పాడు. అమ్మను తీసుకుపోయాను. ఇంటికి రాగానే బైబిలు మీద నా చెయ్యి పెట్టించింది. "అమలకు చెప్తే నా మీద ఒట్టే. చర్చిల ఆడోళ్లకు పెద్దదాన్ని. గంజాయి తిన్నదంటే కోడలికి ముఖమెట్ల సూపియ్యాలె?" అన్నది. నీకు భయపడి కాదు అమలా, నీ దగ్గర చిన్నబోవడం ఇష్టంలేక.

నువ్వు చేసింది తప్పని నేననలేను. కాత్యాయని మన బిడ్డే అయితే ఆ దుకాణానికి నేనే తాళం వేసి ఉండేవాణ్ణి. కాని ఇప్పుడు అమ్మ పస్తులుంటున్నది. నాకు ఇక్కడ ముద్ద దిగడం లేదు. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు. ఏం చేసినా నేను నీ వెంటే.

నీ ప్రేమ్

*

తార్నాక,
30 ఆగస్టు

ప్రియమైన మీకు,

ఇన్నాళ్లూ రాయలేదని కంగారుపడి ఉంటారు. కాళ్లు ఇంటి పట్టున నిలిస్తే కదా రాయడానికి.

మీ ఉత్తరం అందిన రోజే ఈశ్వరయ్య గారి ఇల్లు వెతుక్కుంటూ పోయాను. తలుపు తీసి నన్ను చూసి, "ఇంకా ఏం మూయించాలని వచ్చినావు తల్లీ?" అన్నాడు. అత్తమ్మ పేరు చెప్పగానే మారు మాట లేకుండా లోపలికి పోయి, తన ఇంట్లో మిగిలిన కొంచెం తెచ్చి చేతిలో పెట్టాడు. కాత్యాయని సంగతి ఎత్తితే తల దించుకున్నాడు. "నొప్పి అని చెప్తే నమ్మినాను. చదువుకునే పిల్లోళ్లు అబద్ధం చెప్తారా అనుకున్నాను. అడగాల్సింది" అన్నాడు.

ఎక్సైజ్ అధికారిని కలిశాను. లైసెన్సు రద్దు కాలేదట, ఆ చోటే పనికిరాదట. బడికీ, గుడికీ, చర్చికీ దూరంగా రూలుకు సరిపడే గది చూపిస్తే రాసిస్తానన్నాడు. ఇక చూడండి, బడి వదలగానే నేనూ ఆ పెద్దాయనా గదుల వేటలో పడ్డాం. మెట్టుగూడలో గది దొరికితే ఎదురుగా చర్చి. బౌద్ధనగర్‌లో దొరికితే పక్కనే పిల్లల బడి. రామంతాపూర్ దాకా పోతే మూల మీద గుడి. ఏదీ అడ్డంలేని చోట ఇంటివాళ్లే అడ్డం. "మా ఇంట్ల పిల్లలున్నరమ్మా, గసుంటి దుకాణానికి ఇయ్యం" అన్నారు. నేను అర్జీలో రాసిన మాటలే, ఒక్కటీ మారలేదు. చెప్పులేసుకుని బయటపడేదాన్ని. విశాలాక్షి మేడమ్ కబురు విని పిలిపించారు. "నువ్వే మూయించి నువ్వే తెరిపిస్తావా? రేపు పేరెంట్స్‌కు ఏం చెప్పాలి?" అన్నారు. బడి వెనక వద్దన్న మాట నేను వెనక్కి తీసుకోవడం లేదు మేడమ్, ఎక్కడా వద్దంటే మాత్రం ఒప్పుకోను అన్నాను. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఇప్పటికీ తెలియదు.

చివరికి ఒక సాయంత్రం అలిసిపోయి మన గుమ్మం ముందు అరుగు మీద కూర్చున్నాం. ఈశ్వరయ్య గారు సందు అటూ ఇటూ చూశాడు. నేనూ చూశాను. బడి లేదు, గుడి లేదు, చర్చి లేదు. వీధిలోకి తలుపున్న మన ముందు గది ఉంది. మీరు పేపరు చదువుకునే గది.

ఇంటి ఓనరు వెంకటరమణమ్మ గారిని అడగడానికి పోతే ఆమె చెవులు మూసుకున్నారు. "గంజాయి దుకాణమా, మా ఇంట్లోనా? రామ, రామ! పూజ చేసుకునే ఇల్లమ్మా ఇది. తినేవాళ్లెవరో, వాళ్ల చరిత్రలేమో!"

నేను ఏదో చెప్పబోతుంటే వెనక నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది. తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఎలా లేచి వచ్చిందో!

"అది తినేదాన్ని నేనే, వెంకటరమణమ్మా" అన్నది. "మూన్నెల్ల నుంచి నీ గోడ పక్కన్నే కక్కుతున్న, ఇంటున్నవ్ గదా. నాల్గు ముద్దలు తిన్నన్నాళ్లు గా మందు తోటే తిన్న. నా చరిత్ర నీకు తెల్వదా? ఎల్లగొడ్తవా మరి నన్ను?"

కొంగు నెత్తిన లేదు. సూదులకు రాలిపోయిన జుట్టు, ఆ గుండు ఎవరికీ చూపించేది కాదు, మీకు తెలుసు కదా. వెంకటరమణమ్మ గారు నోట్లో కొంగు కుక్కుకున్నారు. వచ్చి అత్తమ్మను పట్టుకుని కూర్చోబెట్టారు. కాసేపటికి, "బోర్డు మాత్రం చిన్నది పెట్టుకోండి" అన్నారు.

ఆ ఆదివారం అత్తమ్మ చర్చిలో కూడా లేచి నిలబడింది. ఏం చెప్పిందో నేను రాయను, వచ్చి ఆమె నోటనే వినండి. కాత్యాయని వాళ్లమ్మకు నేను ఎదురుపడలేక తప్పించుకు తిరుగుతుంటే, ఆమే ఇంటికొచ్చి అత్తమ్మ పక్కన కూర్చుని పోయింది.

అధికారి మా బడి నుంచి మన గడప దాకా కొలిచి, రూలుకు సరిపోయిందని రాసిచ్చాడు. ఆసుపత్రి చీటీ ఉంటేనే ఇవ్వాలి, చదువుకునే పిల్లలకు అసలే ఇవ్వకూడదు. ఈ రెండు షరతులూ ఈశ్వరయ్య గారు తనంతట తానే పెట్టుకున్నాడు. ఇది జరిగి వారమైంది. మిమ్మల్ని అడగకుండా మీ గది ఇచ్చేశాను, కోప్పడండి. అవతలి సందువాళ్లు అప్పుడే మన మీద అర్జీ రాస్తున్నారని విన్నాను. రాయనివ్వండి. పిల్లలున్నవాళ్ల భయం నాకు తెలియనిదా? వస్తే కూర్చోబెట్టి మాట్లాడతాను. రాత్రిళ్లు మాత్రం నిద్ర పట్టడం లేదు.

అత్తమ్మ రోజూ పొద్దున్నే ఆ గది తలుపు దగ్గరే మంచం వేయించుకుంటున్నది. నిన్న హాస్టలు కుర్రాళ్లు ఇద్దరు వచ్చి నడుం నొప్పి అన్నారు. "చీటీ ఏది?" అన్నది అత్తమ్మ. లేదన్నారు. "నా అసుంటి రోగం మీకు రావద్దు కొడుకా, పోయి సదువుకోండ్రి" అన్నది. తిట్టి ఉంటే మళ్లీ వచ్చేవాళ్లేమో. తల వంచుకుని సైకిళ్లు నడిపించుకుంటూ పోయారు.

ఇంకొకటి ఉంది. రాయకుండా దాచితే మీరు నాకు చేసిందే నేను మీకు చేసినట్టవుతుంది. గడ్డ మళ్లీ పెరుగుతున్నదట. ఈ లేహ్యం అన్నం తినిపిస్తుంది గాని జబ్బును తగ్గించదని డాక్టరూ అన్నాడు, ఈశ్వరయ్య గారూ అన్నాడు. అత్తమ్మకు కూడా తెలుసు. నిన్న సాయంత్రం పెరుగన్నం తింటూ, "వాడు వస్తే ఇద్దర్ని ఎదురుంగ కూసోబెట్టుకుని తినాలె" అన్నది.

సెలవు దొరికితే రండి. దొరకకపోయినా రండి.

ఎదురుచూస్తూ,
మీ అమల