బండి లేని ఆదివారం

శనివారం, రాత్రి

సాయంత్రం నాలుగున్నరకు పికప్ ఇంజన్ దించారు. మూడు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి. మెకానిక్ మస్తాన్ తొంభై వేలు, పదిహేను రోజులు అన్నాడు. నా దగ్గర అరవై వేలే ఉన్నాయి. క్లచ్ తర్వాత మార్చుకుందామన్నాను.

"మళ్లా దించితే కూలి రెండింతలైతాది మామా."

మిగతాది వచ్చే నెల ఇస్తానని ఒప్పుకున్నాను.

బాధ రెండు ఆదివారాల గురించి. నా భార్య సుజాత పులివెందులలో మా చీనీ, అంటే బత్తాయి, తోట చూసుకుంటోంది. ప్రతి ఆదివారం నేను ఇక్కడి నుంచి కాయలు తేవడానికి వెళ్తే, ఇంజన్ చప్పుడు విని ముందే గేటు తీసి ఉంచుతుంది. ఫోన్ చేసి బండి లేదు, రాలేనన్నాను.

"కాయలకైతే బండి కావాల. నీకు బస్సు సాలదా?"

నాలుగేళ్లలో కాయల పని లేకుండా ఒక్కసారీ వెళ్లలేదు.

రేపు ఉదయం ఆరుంపావుకు పులివెందుల బస్సు. గేటు నేనే తీసుకోవాలి.