నీ కార్డులో నాలుగో గడి

అన్నయ్యా,

ఎలా ఉన్నావని అడగను. నువ్వు పోయి ఏడాదీ నాలుగు నెలలు. ఇన్నాళ్ళూ ఒక్క ముక్కైనా రాయలేదేం అంటావేమో... రాద్దామని కూర్చున్నప్పుడల్లా తిట్లే వచ్చేవి. ఇవాళా వస్తున్నాయి. కానీ నీ పుస్తకం వేసేవాళ్ళకి శుక్రవారంలోగా నేనొక జవాబు పంపాలి. అట్ట మీద నీ పేరు ఏమని వేయాలో చెప్పాలి. నీకు చెప్పకుండా పంపడానికి మనసొప్పడం లేదు.

ముందు నీ సంతాప సభ సంగతి చెప్తాను. ఆ డిసెంబరులో నువ్వు ట్రామ్ స్టాప్‌లో కుప్పకూలిపోతే, మీ డిపార్ట్‌మెంటు వాళ్ళకి ఫిబ్రవరిలో తీరిక దొరికింది. నేను ఆస్పత్రిలో డ్యూటీ మార్చుకుని కోవెంట్రీ నుంచి రైల్లో వెళ్ళాను. గది తలుపు మీద కాగితం అంటించారు, సామ్ కోసం అని. లోపల సమోసాలు! నువ్వు ఇండియన్‌వి కదా, అందుకని సమోసాలు. తొమ్మిదేళ్ళు వాళ్ళ మధ్య కూర్చుని చీజ్ శాండ్‌విచ్ తప్ప ఇంకోటి తినని మనిషివి నువ్వు. అది ఒక్కళ్ళైనా చూడలేదా అన్నయ్యా? నాకు ఆ వాసనకే వెగటు పుట్టింది.

మీ హెడ్డు మాట్లాడాడు. తెనాలి నుంచి వచ్చినవాడికి మాంచెస్టర్ యూదుల చరిత్రతో ఏం పని అని ఏటేటా నీ కాంట్రాక్టు పొడిగించేముందు అడిగేవాడే, ఆయనే. బ్రిటిష్ ఇండియా పాఠం చెప్పుకోమని నీ నెత్తిన రుద్దినవాడూ ఆయనే. సామ్ మా డిపార్ట్‌మెంటు గుండెకాయ అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. దేంతో అనుకున్నావు? సమోసా పట్టుకున్న పేపర్ నాప్కిన్‌తో. నిజంగానే ఏడ్చాడా? ఏమో... నాకు మాత్రం ఒళ్ళంతా కంపరం పుట్టింది.

మనవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? పెద్దకర్మ నాడు మా ఇంట్లో ఒక అంకుల్, నోట్లో గారె ఉండగానే, శాతవాహనులు లేరా, కాకతీయులు లేరా, బంగారం లాంటి బుర్రని ఎవరి కోసమో తగలేసుకున్నాడు అన్నాడు. వాళ్ళావిడ నన్ను వంటింట్లోకి పిలిచి, మీ అన్నయ్య మతం గానీ మారాడా, పెళ్ళి అందుకే చేసుకోలేదా అని గొంతు తగ్గించి అడిగింది. ఆమె చేతిలో ప్లేటు లాగేసుకుందామనిపించింది. మీ బావ నా భుజం పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది.

నువ్వైతే నవ్వేవాడివి. 'మన ఏడుపు మనం రాసుకుంటే డైరీ అవుతుందే విశాలీ. పక్కింటివాడి ఏడుపు తప్పుల్లేకుండా రాయి చూద్దాం, అప్పుడు తెలుస్తుంది చరిత్రంటే ఏవిటో' అనేవాడివి. నాకా నవ్వు రాలేదు. ఇప్పటికీ రాదు.

అసలు నువ్వొచ్చింది పత్తి గురించి రాయడానికి. గుంటూరు పత్తి మాంచెస్టర్ మిల్లుల్లో ఏమైందో రాస్తానని తొంభై ఏడులో కాలేజీ ఉద్యోగం వదిలేసి వచ్చావు. ఏదో పాత రెయిన్‌కోట్ల ఫ్యాక్టరీ హాజరు పట్టీలో ఒకే మనిషి పేరు మూడు రకాలుగా కనపడింది. మొదటి ఏడు మోయిషె, తర్వాత మోరిస్, ఆ తర్వాత ఇంకేదో. అంతే, పత్తి గాలికి పోయింది. రష్యా నుంచి పారిపోయి వచ్చి రెయిన్‌కోట్లూ టోపీలూ కుట్టుకుని బతికిన యూదుల పేర్లు ఎలా మారాయి అన్నది పట్టుకుని కూర్చున్నావు. దాని కోసం మిరియం ఆంటీ ఇంటికి ఆదివారాలు వెళ్ళి వాళ్ళ భాష, యిడ్డిష్, నేర్చుకున్నావు. ఎనభై దాటిన ఆవిడ ముందు నలభైకి దగ్గరపడుతున్న నువ్వు పలకా బలపం పట్టినట్టు కుడి నుంచి ఎడమకి అక్షరాలు దిద్దుకుంటుంటే నేను చూశాను. నీ ముఖంలో అంత సంతోషం మరెప్పుడూ చూడలేదు.

ఓడ దిగగానే రేవులో గుమాస్తా నోరు తిరగక పేరు కోసేశాడు అని అందరూ చెప్పుకునే కథ ఉంది కదా. వాళ్ళ మనవలూ మునిమనవలూ కూడా అదే చెప్తారు. అది అబద్ధమని తేల్చడానికే నీ తొమ్మిదేళ్ళూ పోయాయి. బడి రిజిస్టర్లు, వాళ్ళ గుడి సినగాగ్‌లో పెళ్ళి పుస్తకాలు, సమాధి రాళ్ళు... అన్నీ తిరగేశావు. ఒకరోజు ఫోన్ చేసి ఎంత ఉత్సాహంగా చెప్పావో! 'గుమాస్తా పాపం కాగితంలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించుకున్నాడే. పేరు కోసింది ముందొచ్చిన చుట్టం. అన్నో, బాబాయో, మేనత్తో. ఇక్కడ ఇట్టాంటి పేర్లు నడవవురా అబ్బాయ్ అని, ప్రేమగానే, కత్తెరేసేస్తారు.'

నేను ఉల్లిపాయలు తరుగుతూ ఊఁ అన్నాను. నువ్వు కాసేపు ఏమీ మాట్లాడలేదు. లైన్ కట్టయిందేమోనని హలో హలో అన్నాను. గుర్తుందా?

ఆ కార్డులు కూడా గుర్తున్నాయి. చెప్పుల డబ్బాల నిండా అట్టముక్కలు. ఒక్కో మనిషికి ఒక్కో కార్డు, కార్డుకి నాలుగు గడులు: పుట్టిన పేరు, మారిన పేరు, మార్చింది ఎవరు, కారణం. ఒక ఆదివారం నేనూ మా అమ్మాయి సింధూ వరసగా పేర్చడానికి సాయం వచ్చాం. సింధు ఒక కార్డులో నాలుగో గడి ఖాళీగా ఉంచితే ఎంత కోప్పడ్డావు! 'తెలీకపోతే తెలీదని రాయాలమ్మా. ఖాళీగా ఉంచావంటే అడగాల్సిన మనిషి ఇంకా బతికే ఉన్నట్టు లెక్క.' దానికి అర్థమయిందో లేదో, ఓకే మామా అంది.

ఇక పుస్తకం. నువ్వు రాసి ఇచ్చేసి వెళ్ళావు కాబట్టి అది ఆగలేదు. ముందుమాట మీ హెడ్డే రాశాడు. నా మిత్రుడు సామ్ అని మొదలు! ఈ జనవరిలో అట్ట నమూనా నాకు పంపించారు. దాని మీద ఇంత పెద్ద అక్షరాలతో, సామ్ రావు.

సాంబశివరావులో తలా తోకా ఉంచి మధ్యలో శివుణ్ణి తీసి పారేశారు. పెరవలి అన్న ఇంటిపేరు ఊసే లేదు. రావు మన ఇంటిపేరు కూడా కాదు కదా! పేర్ల మీదే జీవితం ధారపోసిన మనిషి పేరుని వాళ్ళ నాలిక్కి సరిపోయేలా చెక్కుకున్నారు చూడు... ఇంతకంటే రోత ఇంకేముంటుంది? ఆ రోజు ఇంట్లో అందరి మీదా అరిచాను. సామ్ మామయ్య పుస్తకమా అని సింధు అట్ట చూసి అంటే దాని మీదా విరుచుకుపడ్డాను. అది బెదరలేదు. నా చిన్నప్పటి నుంచీ నువ్వు ఫోన్లో అలాగే అనేదానివిగా మమ్మీ అని ఇంగ్లీషులో అనేసి మెట్లెక్కి పోయింది. నేను పట్టించుకోలేదు.

పుస్తకం వాళ్ళకి మెయిల్ మీద మెయిల్ కొట్టాను. మా ఇంట్లో తిట్టుకునే మాటలన్నీ ఇంగ్లీషులో మర్యాదగా పెట్టి రాశాను. ఫారంలో ఆయనే ఆ పేరు రాశారండీ అని జవాబొచ్చింది. నమ్మలేదు. అబద్ధం, వాళ్ళే నింపుకుని ఉంటారు అనుకున్నాను. మొన్న మార్చిలో సెలవు పెట్టి, నీ కాగితాల్లో సాక్ష్యం వెతికి వాళ్ళ మొహాన కొడదామని మాంచెస్టర్ వెళ్ళాను.

ముందు మిరియం ఆంటీని చూశాను. నీ సభలో నీ పేరు పూర్తిగా పలికింది ఆవిడొక్కతే. వెనక కుర్చీలో కూర్చుని, సాం-బ-శి-వ-రా-వు అని, నువ్వు నేర్పినట్టే విరిచి విరిచి. నేను కోపంగా చెప్పుకుపోతుంటే విని, పోట్లాడేముందు డబ్బాల్లో అతని కార్డు చూడు అంది. అతని కార్డేమిటి అంటే, చూడు అని మాత్రం అంది.

నీ డబ్బాలు ఎక్కడున్నాయో తెలుసా? ఫొటోకాపీ మెషీన్ పక్కన, నేల మీద. పై డబ్బా మీద కెటిల్. మూత మీద టీ మరకలు గుండ్రాలు గుండ్రాలుగా... డిపార్ట్‌మెంటు గుండెకాయ మీద టీ కాచుకుంటున్నారు అన్నయ్యా! ఆ కెటిల్ తీసి హెడ్డు గది ముందు పెట్టి వచ్చాను.

పెరవలి దగ్గర వెతికాను. ఉంది. అన్ని డబ్బాల్లోకీ తెలుగులో ఉన్న కార్డు అదొక్కటే. నీ పెన్సిల్ రాత.

పుట్టిన పేరు: పెరవలి సాంబశివరావు.
మారిన పేరు: సామ్ రావు.
మార్చింది ఎవరు: చెల్లెలు విశాలాక్షి. కోవెంట్రీ, జీపీ సర్జరీ.
కారణం:

అక్కడ ఏమీ లేదు.

ఆ నేల మీదే కూర్చుండిపోయాను. నేనేమిటి, నేనెప్పుడు చేశాను అనుకున్నాను. తర్వాత ఒక్కొక్కటే గుర్తొచ్చింది. నువ్వొచ్చిన మొదటి వారం. మా ఇంట్లో ఉన్నావు, ఆయాసం ఎక్కువైంది. ఇన్‌హేలర్ కోసం సర్జరీలో, అదే మా పేట డాక్టరు క్లినిక్‌లో, పేరు రాయించడానికి తీసుకెళ్ళాను. రిసెప్షన్లో ఆమె పేరు అడిగింది. నువ్వు చెప్పావు. స్పెల్లింగ్ చెప్పమంది. నువ్వు తాపీగా, ఎస్, ఏ, ఎమ్ అని మొదలుపెట్టావు. పక్క నుంచి నేను అందుకున్నాను... సామ్ అని రాసుకోండి చాలు, సామ్ రావు అని.

నువ్వు నా వైపు తిరిగి చూశావు. నా వెనక గోడ మీద ఫ్లూ పోస్టరు చదువుతున్నావనుకున్నాను.

ఆమె అడిగింది అన్నయ్యా. పెన్ను పట్టుకుని రాయడానికి సిద్ధంగానే ఉంది. నువ్వు ఫోన్లో చెప్పిన గుమాస్తా లాగే. ఆ సర్జరీ వాళ్ళిచ్చిన మెడికల్ కార్డు చూపించి యూనివర్సిటీలో చేరావు, అది చూసి లైబ్రరీ వాళ్ళు రాసుకున్నారు, వాళ్ళని చూసి మిగతావాళ్ళు. తొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా నన్నెందుకు నిలదీయలేదు? ఆ రోజు ఫోన్లో ఆగింది ఇది అడగడానికేనా? నేను హలో హలో అనకుండా ఉంటే అడిగేవాడివా?

ఇన్నాళ్ళూ ఊరందరి మీదా పడ్డ అసహ్యం ఇప్పుడు నన్ను చూసుకుంటే వేస్తోంది. హెడ్డునీ, ఆ గారె అంకుల్‌నీ క్షమించేశానని అనుకోకు, అదేం లేదు. కాకపోతే వాళ్ళు నేను కోసి ఇచ్చిన పేరునే వాడుకున్నారు. నా పేరు మాత్రం ఏం మిగిలింది? ఆస్పత్రిలో పన్నెండేళ్ళుగా డాక్టర్ విష్‌ని. నా బ్యాడ్జీ చూసి 'అదేవిటే, విషం లాగా' అని నవ్వావు ఒకసారి. నేను కూడా నవ్వాను.

పోయిన వారం పుస్తకం వాళ్ళ నుంచి మెయిలొచ్చింది. నా పోరు పడలేక దిగొచ్చారు. మీకెలా కావాలంటే అలా వేస్తాం, శుక్రవారంలోగా ఖాయం చేయండి అన్నారు. గెలిచాను చూడు. పెరవలి సాంబశివరావు అని వేయించుకోవచ్చు. నా తప్పు ఎవరికీ కనపడకుండా పోతుంది కూడా. చేయి దాదాపు టైప్ చేసేసింది. అప్పుడు నువ్వన్నది గుర్తొచ్చింది... 'మనకు నచ్చిన పేరు అచ్చేసుకుంటే అది వాళ్ళ చరిత్ర కాదే, మన ముచ్చట.'

అందుకని అట్ట మీద సామ్ రావు అనే ఉండనిస్తున్నాను. కానీ పుస్తకం వెనక నీ యూదులందరి కార్డులూ వేస్తున్నారు కదా, వాటిలో నీదీ వేయమంటున్నాను. నాలుగు గడులతో, కోసిన మనిషి పేరు పూర్తిగా. అది లేకపోతే పుస్తకమే వద్దని రాస్తున్నాను.

నాలుగో గడి ఇవాళ పొద్దున నింపాను. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉందేమోనని మూడు వారాలు వెతుక్కున్నాను. లేదు. ఉన్నదే రాశాను: వెనక క్యూలో ఐదుగురున్నారు. నాకు సిగ్గేసింది.

ఇంకొక్క మాట. మొన్న సోమవారం కొత్త బ్యాడ్జీ కావాలని ఆస్పత్రి ఆఫీసుకి వెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి స్పెల్లింగ్ చెప్పమంది. పది అక్షరాలూ ఒక్కొక్కటే చెప్పాను. వెనక ఎందరున్నారో తిరిగి చూడలేదు.

నీ చెల్లెలు,
విశాలాక్షి