వకుళ బిడ్డకు పేరు

తిరుపతి, బుధవారం

సౌందరరాజన్ బావగారికి,

మీ మనవరాలి గుండెకు రెండో ఆపరేషన్ సోమవారం. ఏడిస్తే పెదవులు నీలమవుతున్నాయి. మూడోది మూడేళ్లు నిండాక.

"మూడూ గట్టెక్కినాక పేరు పెడదాంలే బావా" అని తీర్పు చెప్పి మీరు పలమనేరు వెళ్లిపోయారు. ఆసుపత్రి చీటీలో ఇంకా మా అమ్మాయి పేరుతో 'వకుళ బిడ్డ' అనే ఉంది. మీరు చదివిన శాస్త్రాలన్నీ నేనూ చదివాను. బతుకుతుందని తేలేదాకా బిడ్డకు పేరు పెట్టకూడదని ఎక్కడా లేదు. అది మీ పిరికితనం.

నిన్న నర్సు అడిగింది: "మత్తు దిగినాక పేరు పెట్టి పిలవాల తాతా, ఏమని పిలిసేది?"

'వకుళ బిడ్డ' అనే పిలవమన్నాను. నాకూ భయమే.

ఆదివారం రండి. పళ్లెంలో బియ్యం పోసి ఉంచుతాను. బిడ్డ చెవిలో పేరు చెప్పాల్సింది తండ్రి వైపు తాత. మీరు ఏ పేరు చెప్పినా ఈసారి వాదించను.

మీ వియ్యంకుడు